లింకన్ స్మారకంలో స్తంభాలు 36, రాష్ట్రాలు 48?

వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం చూశాం. బయటి వరుసలో స్తంభాలు 36, పైన చెక్కిన రాష్ట్రాల పేర్లు 48. ఉన్నవి 50 కదండీ?

జవాబు: లింకన్ పోయిన 1865లో రాష్ట్రాలు 36. స్మారకం ప్రారంభించిన 1922 నాటికి 48. అలాస్కా, హవాయి 1959లో చేరాయి, వాటికి మెట్ల దగ్గర విడిగా ఫలకం ఉంది.

జవాబు: లెక్కలకన్నా నాకు ఆ రాళ్లే ఆసక్తి. బయట కొలరాడో పాలరాయి, లోపల గోడలకి ఇండియానా సున్నపురాయి. 19 అడుగుల విగ్రహమేమో జార్జియా పాలరాయి. లింకన్ మీద తిరగబడి యూనియన్ (అమెరికా సమాఖ్య) నుంచి విడిపోయిన రాష్ట్రమండీ అది! అంతకన్నా సూటిగా సమైక్యత ఎలా చెబుతారు?

జవాబు: సమైక్యత సరే. ప్రారంభోత్సవంలో నల్లజాతివాళ్లని వేరుగా కూర్చోబెట్టారు, అదీ చెప్పండి. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడింది ఆ మెట్ల మీదే.