సింకు మీద తెల్ల పెచ్చు, చిమ్నీలో జిడ్డు: వంటసోడా, వెనిగర్ కలిపితే ఎందుకు పోవట్లేదు?

కూకట్‌పల్లి_మూడో_అంతస్తు:
మాది బోరు నీళ్ళే. స్టీలు సింకులో, కుళాయి మెడ చుట్టూ తెల్ల పెచ్చు కట్టింది. చిమ్నీ జాలీకి, పొయ్యి వెనక టైల్స్‌కి నూనె బంకలా పట్టింది. మిక్సీ తెల్ల బాడీ మీద పసుపు మరక. వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే బుసబుసా పొంగింది, అంతే. కొలతలతో చెప్పగలరా? గట్టు నల్లరాయి, గ్రానైటో కడప బండో తెలీదు.

నిమ్మఉప్పు_డబ్బా:
ఆ రెండూ కలిస్తే ఒకదాని బలం ఒకటి తీసేసుకుంటాయండి. పొంగేది కార్బన్ డయాక్సైడ్, అడుగున మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళలాంటిదే. యూట్యూబ్‌లో చూడ్డానికి బాగుంటుంది.

తెల్ల పెచ్చులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్, దానికి పులుపే మందు. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది. లీటరు వేడినీళ్ళకి రెండు టేబుల్ స్పూన్లు. నూలుగుడ్డ ముంచి కుళాయి మెడకి చుట్టి, పైన పాలిథిన్ కవర్ బిగించి అరగంట ఉంచండి. కవర్ లేకపోతే గుడ్డ ఆరిపోయి పని సగంలో ఆగుతుంది. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. పెచ్చు మందంగా ఉంటే మళ్ళీ చుట్టండి గానీ చాకుతో గీకొద్దు, రాత్రంతా వదిలేయొద్దు. క్రోమ్ పూత ఎక్కడైనా లేచి ఉంటే లోపలి ఇత్తడి పాడవుతుంది. కడిగాక పొడిగుడ్డతో తుడవాలి, లేకపోతే ఆరిన ప్రతి బొట్టూ కొత్త మచ్చే.

బండల_పని:
ముందు గట్టు సంగతి తేల్చుకోండి. కనపడని మూలన ఒక్క చుక్క వెనిగర్ వేసి ఐదు నిమిషాలు ఆగి తుడవండి. బుడగలొచ్చినా, ఆ చోట మెరుపు పోయినా అది సున్నపురాయి. కడప, తాండూరు, షాబాద్ బండలన్నీ అంతే, మార్బుల్‌దీ అదే గుణం. వాటిమీద నిమ్మరసం పడి వచ్చే పాలిపోయిన మచ్చ అసలు మరక కాదు, రాయి కరిగిన చోటు. ఎంత తోమినా పోదు, పాలిష్ పట్టించాల్సిందే. కుళాయికి గుడ్డ చుట్టినప్పుడు కింద గిన్నె పెట్టండి.

జిడ్డు_వదిలిస్తా:
చిమ్నీకి పులుపు దండగ. వేడికి నూనె గాలి తగిలి వార్నిష్‌లా గట్టిపడుతుంది. దానికి బట్టల సోడా కావాలి, వంటసోడా బలం చాలదు. టబ్బులో ఐదు లీటర్ల బాగా వేడి నీళ్ళు, 100 గ్రాముల బట్టల సోడా, ఒక చెంచా గిన్నెల లిక్విడ్. స్టీలు ఫిల్టర్ పూర్తిగా మునిగేలా 40 నిమిషాలు. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి.

మీరు జాలీ అన్నారు కాబట్టి ఒక్కమాట: పొరలు పొరలుగా, తేలిగ్గా ఉండే జాలీ చాలాసార్లు అల్యూమినియం. సోడాలో వేస్తే నల్లబడిపోతుంది. దానికి వేడినీళ్ళు, గిన్నెల లిక్విడ్ మాత్రమే, రెండుమూడు విడతలు.

టైల్స్‌కి అర లీటరు వేడినీళ్ళలో ఒక టేబుల్ స్పూన్ సోడా. గోడ మీద పోస్తే జారిపోతుంది, తడిగుడ్డ అతికించి పావుగంట ఆగండి. స్విచ్‌బోర్డు దగ్గర గుడ్డ గట్టిగా పిండి వాడండి.

కూకట్‌పల్లి_మూడో_అంతస్తు:
థాంక్సండీ. మిక్సీ మీద సోడా నీళ్ళు రాస్తే పసుపు కాస్తా ఎర్రబడింది! పాడైందా?

నిమ్మఉప్పు_డబ్బా:
ఏం కాలేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, ఇదీ అదే. పులుపు తగిలితే మళ్ళీ పచ్చబడుతుంది. పసుపు రంగు నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ప్లగ్ తీసి, దూదికి రెండు చుక్కల వంటనూనె అద్ది తుడవండి, తర్వాత సబ్బు అద్దిన తడిగుడ్డతో. మిగిలింది ఎండకు విరుగుతుంది. జార్ మూతలైతే రెండు రోజులు డాబా మీద పెట్టండి. బాడీని రోజుకో గంట కిటికీ ఎండలో పెడితే చాలు. పాతబడి పచ్చబడ్డ ప్లాస్టిక్ మాత్రం దీనికి తెల్లబడదు.

జిడ్డు_వదిలిస్తా:
ఇంకోటి. సింకులో బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంటే నిమ్మ ఉప్పు, వెనిగర్ దాని దగ్గరికి రానీయకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. సోడా, వెనిగర్ కలిపి సీసాలో మూత బిగించి దాచేవాళ్ళూ ఉన్నారు. సీసా పగులుతుంది.