ముంబై ఈరోస్ సినిమా హాలు: పాత హాలు చూసినవాళ్లు చెప్పండి

చర్చ్‌గేట్ ప్యాసింజర్:
చర్చ్‌గేట్ స్టేషన్ ఎదురుగా ఉన్న ఈరోస్‌కి, మళ్లీ తెరిచాక, మొన్న మొదటిసారి వెళ్లాను. సొరాబ్జీ భెద్వార్ డిజైన్ చేసిన ఈ హాలు 1938లో మొదలైంది. ఏళ్ల తరబడి మూతపడి ఉండి 2024 ఫిబ్రవరిలో ఐమాక్స్‌గా తెరుచుకుంది. బయట ఆ గుండ్రటి మూల, మెట్లుమెట్లుగా పైకి లేచే ఆకారం అలాగే ఉన్నాయి. చూస్తే కడుపు నిండినట్టయింది. తీరా హాల్లో కూర్చున్నాక దిగులేసింది. ఒకప్పుడు 1,204 సీట్లు, ఇప్పుడు సుమారు 300. మీకెలా అనిపించింది?

బాల్కనీ మొదటి వరుస:
1990ల్లో అక్కడ చదువుకున్నాను, నెలకోసారైనా ఈరోస్‌కి వెళ్లేవాళ్లం. తెలుపు, నలుపు పాలరాయి, అక్కడక్కడ బంగారు రంగు మెరుపు. మెట్లెక్కుతూ క్రోమియం రెయిలింగ్ పట్టుకుంటే ఏసీ చలికి చెయ్యి జిల్లుమనేది. వెయ్యి మంది ఒకేసారి నవ్వితే బాల్కనీలో కూర్చున్నవాళ్లకి ఆ నవ్వు కింద నుంచి కెరటంలా వచ్చేది. అది మళ్లీ రాదండీ. నాకు నిజంగా బాధగా ఉంది.

సున్నం పని:
పాత కట్టడాల రిపేర్లు నా వృత్తి. ఈరోస్ పనిలో నేను లేను కానీ ఇలాంటి బిల్డింగుల జబ్బు బాగా తెలుసు. ఆ ప్రాంతమంతా సముద్రాన్ని పూడ్చిన నేల. ఉప్పుగాలి కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుప చువ్వకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది, పైన కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. పైపైన పూత వేసి రంగు కొడితే రెండు వానాకాలాలు కూడా ఆగదు. వదులైనదంతా కొట్టేసి, చువ్వ మెరిసేదాకా గీకి, తుప్పు పట్టని పూత వేసి, అప్పుడు మళ్లీ పోయాలి. ఈరోస్‌కి ముందువైపు కొంత ఆగ్రా ఎర్రరాయి కూడా ఉంది. ఇలాంటి రాతి సందుల్లో సిమెంట్ నింపడం పెద్ద తప్పు. సిమెంట్ రాయి కంటే గట్టిది, తేమను బయటికి పోనివ్వదు. ఆ తేమ రాయిలోంచే దారి చేసుకుని రాయినే తినేస్తుంది. అక్కడ సున్నమే వాడాలి. నేనొక పాత హాల్లో ఈ మాట ఎంత మొత్తుకున్నా కాంట్రాక్టర్ వినలేదు. మూడేళ్లకే అంచులు రాలిపోయాయి. ఇప్పటికీ అటువైపు వెళ్లబుద్ధి కాదు.

బాల్కనీ మొదటి వరుస:
సున్నం పని గారూ, గోడల సంగతి ఒప్పుకుంటాను. కానీ లోపల హాలు మార్చేశాక దాన్ని పునరుద్ధరణ అనొచ్చా?

సున్నం పని:
బయటి రూపానికి అనొచ్చు. హాలుకి అనలేం, అది కొత్త హాలు. అయినా మూసి ఉంచిన బిల్డింగు ఎంత త్వరగా పాడవుతుందో నేను చూశాను. కారే నీళ్లు చూసే మనిషి ఉండడు. 300 సీట్లతోనైనా రోజూ దీపం వెలుగుతోంది, నాకది చాలు.

మెట్రో దారి:
1938లోనే వచ్చిన ముంబై మెట్రో సినిమా హాలు 2006లో మల్టీప్లెక్స్ అయినప్పుడు కూడా ఇదే గొడవ పడ్డాం. ఈరోస్‌కి ఒక బలం ఉంది. 2018లో యునెస్కో జాబితాకెక్కిన ముంబై ఆర్ట్ డెకో (1930ల నాటి ఒక కట్టడ శైలి) భవనాల్లో అదొకటి, బయటి ముఖాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చలేరు. లోపలికి అంత రక్షణ దొరకదు. అందుకే పని మొదలయ్యే ముందే లోపలంతా కొలతలతో, ఫోటోలతో రికార్డు చేయాలని అడగాలి. ఆ తర్వాత అడిగి లాభం లేదు.

చర్చ్‌గేట్ ప్యాసింజర్:
మెట్రో దారి గారూ, మంచి మాట చెప్పారు. ఈరోస్ పాత హాలు లోపలి ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి. బాల్కనీ నుంచి తెర వైపు తీసినవి నాకు ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.