అప్‌డేట్: మోనాలిసా చూసొచ్చాం

పారిస్, బ్రస్సెల్స్ వెళ్తున్నాం, పేరు గొప్ప ఊరు దిబ్బ అనిపించేవి ఏవి, వేటిని వదిలేయొచ్చు అని పోయిన నెల అడిగాను కదా. మోనాలిసా వదిలేయమని చాలామంది అన్నారు. మా ఆవిడ ఒప్పుకోలేదు, అది ఉన్న పారిస్ లూవ్ర్ మ్యూజియానికి వెళ్లాం.

బొమ్మ ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. ఈ కొలతలు చదువుకునే వెళ్లాను, అయినా ఎదురుగా నిలబడితే "ఇంతేనా" అనిపించింది. బుల్లెట్‌ప్రూఫ్ అద్దం, దాని ముందు తాడు, ఇవతల తలలే తలలు. మాకు దక్కింది అర నిమిషం. నిజం చెప్పాలంటే ఆ నవ్వును ముందువాళ్ల ఫోన్ స్క్రీన్లలోనే ఎక్కువ చూశాను.

"అక్కడే వెనక్కి తిరిగి చూడండి" అని ఒకరు రాశారు. వారికి దండం. ఎదురు గోడ మీద ఇటలీ చిత్రకారుడు వెరోనీస్ 1563లో పూర్తిచేసిన, బైబిల్లోని కానా ఊరి పెళ్లివిందు చిత్రం ఉంది. దాదాపు 10 మీటర్ల వెడల్పు! విందులో వాద్యగాళ్లు, కుక్కలు, పిల్లి, పైన మేడ మీద మాంసం కోసే వంటవాళ్లు. జనమంతా దానికి వీపు పెట్టి నిలబడ్డారు. మేం మాత్రం ఇరవై నిమిషాలు కదల్లేదు.

బ్రస్సెల్స్‌లో మానెకెన్ పీస్, అంటే ఉచ్చపోసే బుడతడి విగ్రహం, మీరన్నట్టే అర మీటరు పైచిలుకు బొమ్మ. పైగా వీధిలో ఉన్నది నకలు, అసలుది సిటీ మ్యూజియంలో ఉంది. ఆ బుడతడికి వెయ్యికి పైగా దుస్తులు ఉన్నాయట, వాటి కోసం వేరే మ్యూజియం కూడా. అది సరదాగా ఉంది.

ఐఫిల్ టవర్ ఎక్కలేదు. పైకెక్కితే టవరే కనపడదు కదా!