మే 25 టవల్ డేకి ఏ తువ్వాలు వేసుకోవాలి? (పర్లాకిమిడి)

పర్లాకిమిడి పాఠకుడు:
అందరికీ నమస్కారం. ఇంగ్లిష్ రచయిత డగ్లస్ ఆడమ్స్ రాసిన అంతరిక్ష హాస్య నవల 'హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' చదివినవాళ్లకి టవల్ డే సంగతి తెలిసే ఉంటుంది. ఆయన 2001 మే 11న పోయారు. రెండు వారాలకి, మే 25న, అభిమానులు ఆయన జ్ఞాపకంగా రోజంతా తువ్వాలు వెంట పెట్టుకుని తిరిగారు, అప్పటినుంచి ఏటా చేస్తున్నారు. గ్రహాల మధ్య తిరిగేవాడికి తువ్వాలుని మించిన వస్తువు లేదంటారు కదా అందులో, కప్పుకోవచ్చు, పరుచుకోవచ్చు, ఆపదలో ఊపి పిలవచ్చు, ఇంకా శుభ్రంగా ఉంటే ఒళ్లు కూడా తుడుచుకోవచ్చు అని! ఈసారి ఫ్రెండ్స్‌తో ఇక్కడే చేద్దామనుకుంటున్నాం. మందపాటి టర్కీ టవలా, మన తుండుగుడ్డా? మాలో మాకు తెగడం లేదు.

గుణుపూర్ బావ:
తుండుగుడ్డే తమ్ముడూ, ఇందులో ఆలోచించడానికేముంది. మే 25 అంటే రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. టర్కీ టవల్ తడిపి నెత్తిన వేసుకుంటే ఆ పోగుల ఉచ్చుల్లో నీళ్లు నిలిచి బరువెక్కుతుంది, ఓ పట్టాన ఆరదు, ఆరకపోతే వాసన. పల్చటి నేత తువ్వాలు గాలికి ఆరుతూ ఉంటుంది, ఆ ఆరడంలోనే చల్లదనమంతా ఉంది, ఆరిపోయాక మళ్లీ తడుపుకుంటే సరి. మనవాళ్లు దాన్ని తలపాగా చుడతారు, బరువు మోసేటప్పుడు చుట్టకుదురు చేస్తారు, సంతలో కూరలు మూట కడతారు, కిటికీలోంచి విసిరి బస్సులో సీటు ఆపుతారు. ఆడమ్స్ గారు ఓసారి నౌపడా-గుణుపూర్ రైలెక్కి ఉంటే ఆ జాబితా ఇంకో పేజీ పెరిగేది.

బరంపురం టీచరమ్మ:
మా ఊళ్లో ఉక్క ఎక్కువ, తడిగుడ్డ అంత తొందరగా ఆరదు, అయినా నా ఓటు తుండుగుడ్డకే. నాకు ఆ పుస్తకంలో బాగా నచ్చింది వేరే. తువ్వాలు దగ్గరున్నవాణ్ని చూస్తే ఎదుటివాడు, వీడి దగ్గర సబ్బూ బ్రష్షూ అన్నీ ఉండే ఉంటాయి అనుకుని, లేనివి తనే ఇస్తాడట! మన పెళ్లిళ్లలో భుజాన తుండు వేసుకున్న పెద్దాయన్నే అందరూ పనులు అడుగుతారు, గమనించారా? ఇంకో మాట, ఫోటోలతో ఆపకండి బాబూ, పైకి చదవండి. అది 1978లో బీబీసీ రేడియోలో మొదలైన కథ, చెవికి బాగుంటుంది. 2015 టవల్ డేకి ఇటలీ వ్యోమగామి సమంతా క్రిస్టోఫొరెట్టి అంతరిక్ష కేంద్రం నుంచే అందులో కొంత చదివి వినిపించారు. మీరు ఓ పేజీ తెలుగులో చెప్పుకుని చదివితే పిల్లలు కూడా కూర్చుంటారు.

జయపురం నేతబట్ట:
మా కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతవాళ్లు ఆల్ చెట్టు వేరుతో నూలుకి ఎర్రరంగు వేస్తారు, స్థోమత ఉంటే ఆ బట్ట కొనండి, ఎంత శ్రమో చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. లేదంటే సంతలో మామూలు నేత గాముచా, అదే తుండుగుడ్డ, చాలు. కాకపోతే కొత్తది ముందు విడిగా ఉతకండి, కొన్ని రంగు వదులుతాయి, చెమటకి తెల్లచొక్కా పాడవుతుంది.

పర్లాకిమిడి పాఠకుడు:
అయితే తుండుగుడ్డే ఖాయం. టీచర్ గారూ, చదవడం కూడా పెడతాం, తువ్వాలు పేజీ నేను తెలుగులో రాసుకొస్తాను. ఎండ ముదరకముందే, పొద్దున్నే కలుద్దాం. గుణుపూర్ బావా, మీరు రైల్లో వస్తున్నట్టేనా?