సర్జన్లకు ఒక ప్రశ్న: మీకు పని మీద విసుగు ఎక్కడ మొదలైంది?

నీలిగౌను:
వయసు 43. హైదరాబాదులో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో జనరల్ సర్జన్‌ని. గత నెల మామూలు హెర్నియా ఆపరేషన్‌లో మెష్ (లోపల పెట్టే వల) కుడుతూ, ‘ఇది ఎప్పుడు అయిపోతుందా’ అనుకున్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి. నాకు అసలు విశ్రాంతి దొరికేదే ఆపరేషన్ థియేటర్లో. అందుకే భయం వేసింది.

ప్రతి నెలా మాకు సమావేశం ఉంటుంది. ఓపీలో ఎందరిని చూశారు, వారిలో ఎందరు ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు అని లెక్క తీస్తారు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నా నొప్పి లేని ఒక పెద్దావిడను ‘ఇప్పుడేమీ అక్కర్లేదమ్మా’ అని పంపేశాను. ఆ నెల పట్టికలో ఆవిడ నా ఖాతాలో లోటుగా కనిపించింది. ఉద్యోగం మారాలా, నేనే మారాలా?

ఏరియా_ఆసుపత్రి:
మా దగ్గర ఆ లెక్కలు లేవు సార్. వేరే లెక్కలున్నాయి. మంగళ, శుక్రవారాలు నా ఆపరేషన్ రోజులు. మొన్న శుక్రవారం ఇద్దరు రోగులు రాత్రి నుంచి కడుపు మాడ్చుకుని సిద్ధంగా ఉన్నారు. ఆ రోజే నాకు కోర్టు సమన్లు. మూడేళ్ల కిందట కొట్లాట కేసులో రాసిన గాయాల సర్టిఫికెట్ మీద సాక్ష్యం చెప్పాలి. మూడింటి దాకా వరండాలో కూర్చోబెట్టి వాయిదా వేశారు. తిరిగి వచ్చేసరికి మత్తు డాక్టర్ వెళ్లిపోయారు. ఆ ఇద్దరికీ ఇడ్లీలు తెప్పించి, మంగళవారం చేస్తానని చెప్పాను. ఒకాయన ఏమీ అనలేదు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిట్టినా బాగుండేది.

అయినా ఎవరికి కత్తి పెట్టాలో, ఎవరికి వద్దో ఇక్కడ నన్నెవరూ అడగరు. పదహారేళ్లుగా నేను ఇక్కడే ఉండడానికి కారణం అదే.

పదిహేను_పడకలు:
సొంత నర్సింగ్ హోమ్ పెడితే స్వేచ్ఛ అని ఎవరైనా సలహా ఇచ్చేలోపే చెబుతున్నాను. మా ఆవిడ గైనకాలజిస్టు. మేమిద్దరం కలిసి ఊరు దాటి వెళ్లిన పెళ్లిళ్లు పదకొండేళ్లలో రెండు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడు పొలం అమ్మకుండా ఆపరేషన్ చేయించుకోగలిగాడు, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ బిల్లులు వచ్చేదాకా జీతాలు, ఆక్సిజన్, బ్యాంకు వాయిదా ఆగవు కదా. పగలు సర్జన్‌ని, రాత్రి గుమాస్తాను.

ఇక ఆసుపత్రుల మీద, డాక్టర్ల మీద దాడులు. వాటిని ఆపడానికి 2008లోనే చట్టం వచ్చింది. రాత్రి రెండింటికి నలభై మంది గేటు తోస్తుంటే ఆ చట్టం ఎవరికి చదివి వినిపించను?

పీజీ_మూడో_ఏడు:
మీరంతా సీనియర్లు, క్షమించండి. రెసిడెంట్ల (మాలా పీజీ చదువుతూ ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్ల) డ్యూటీ వారానికి 48 గంటలని కేంద్రం 1992లోనే చెప్పింది. నాకు ఈ వారం అవి బుధవారానికే అయిపోయాయి.

లీడ్స్‌_నుంచి:
ఇక్కడ బ్రిటన్‌లో సగటున 48 గంటల పరిమితి ఉంది తమ్ముడూ, చాలావరకు పాటిస్తారు కూడా. గంటలు తగ్గితే విసుగు పోతుందనే నేనూ వచ్చాను. పడక ఖాళీ లేదని పొద్దున్నే ఆపరేషన్ రద్దవుతుంది. నెలల తరబడి ఎదురుచూసి, సంచి సర్దుకుని వచ్చిన మనిషికి ఆ మాట నేనే చెప్పాలి. ఏరియా ఆసుపత్రి సార్ చెప్పిన గోడ వైపు తిరిగిన మనిషిని నేనూ చూశాను.

పదిహేను_పడకలు:
అయితే కోయడంలో అలసట లేదన్నమాట. కోయనివ్వకపోవడం, కోయమని తొందరపెట్టడం, కోశాక డబ్బు కోసం తిరగడం!

ఏరియా_ఆసుపత్రి:
అలా తేల్చేయకండి సార్. నాకు మెడ నొప్పి కూడా ఉంది.

నీలిగౌను:
నవ్వించారు. సార్, మీ వైపు వస్తే జీతం ఎంత తగ్గుతుంది? ఇంటి లోను ఇంకా తొమ్మిదేళ్లుంది.

ఏరియా_ఆసుపత్రి:
ఇప్పుడు వచ్చేదాంట్లో మూడో వంతు అనుకోండి. నోటిఫికేషన్ పడితే చెబుతాను. ఈలోపు ఒక మంగళవారం వచ్చి మా థియేటర్ చూసి వెళ్లండి. కోర్టు లేకపోతే ఉంటాను.