సింగపూర్ చల్లటి అద్దాల తోట: తెలివా, దుబారానా?

గోంగూరకట్ట: మొన్న అమ్మానాన్నల్ని గార్డెన్స్ బై ద బేకి తీసుకెళ్ళా. బయట చెమటలు కారిపోతుంటే ఫ్లవర్ డోమ్‌లో అడుగుపెట్టగానే అమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. భూమధ్యరేఖ పక్కన అద్దాల మేడ కట్టి, దాన్ని చల్లబరిచి, ఆలివ్ చెట్లు పెంచడమేంటండీ? అద్దం ఎండవేడిని లోపల పట్టేస్తుంది. చలిగా ఉండే లండన్‌లో, క్యూ (Kew) తోటలోని అద్దాల మేడలకి అదే కావాలి, ఇక్కడ అదే వద్దు. 2012లో ప్రపంచ ఉత్తమ భవనం బహుమతి కొట్టిందట. కొట్టనీండి, నాకు మాత్రం దుబారాలాగే ఉంది.

కొలబద్ద: ఆ చిక్కు తెలిసే డిజైన్ చేశారండీ ఆర్కిటెక్టులు విల్కిన్సన్ ఐర్ వాళ్ళు. డోమ్ ఎత్తు 38 మీటర్లు, కానీ చల్లదనం మనుషులూ మొక్కలూ ఉండే కింది పొరకే. నేలలో చన్నీళ్ళ గొట్టాలున్నాయి. వేడిగాలి పైనే ఉండిపోతుంది. అద్దాల పూత వెలుగును రానిచ్చి వేడిని చాలావరకు ఆపేస్తుంది. ఎండ ముదిరితే తెరచాపల్లాంటి పరదాలు విచ్చుకుంటాయి. పార్కుల్లో నరికిన కొమ్మల్ని కాల్చి ఆ శక్తినీ వాడుకుంటారు. లోపల ఒక్క స్తంభమైనా కనబడిందా? బయటి ఉక్కు ఆర్చీలూ, అద్దాల కింది సన్నటి జాలీ కలిసి బరువు మోస్తాయి. నేనైతే పూలు వదిలేసి కప్పే చూశా!

గోంగూరకట్ట: దుబారాని తెలివిగా చేస్తే పొదుపైపోతుందా మాస్టారూ? బెంగళూరు లాల్‌బాగ్ గాజుటిల్లు చూడండి. 1889లో పునాది వేశారు. పక్కలు తెరిచే ఉంటాయి, గాలి దానంతటదే ఆడుతుంది. ఏసీ లేకుండానే పూల ప్రదర్శనలు జరుగుతున్నాయి.

మామిడితాండ్ర: అది ప్రదర్శనకి వేసిన పందిరి, ఇది మొక్కలు బతకాల్సిన ఇల్లు. రెంటికీ పోలికేంటి? పైగా ఆలివ్‌కి చల్లదనం ఒక్కటే చాలదు, పొడిగాలి కావాలి. అందుకే అక్కడ గాలిలో తేమ కూడా లాగేస్తారు. పక్కనే ఉన్న రెండో అద్దాల మేడ, క్లౌడ్ ఫారెస్ట్ సంగతి ఎవరూ ఎత్తరేం? 35 మీటర్ల జలపాతం దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు గానీ, అక్కడున్నవి ఉష్ణమండలపు ఎత్తైన కొండల మీది మొక్కలు. కొండ వేడెక్కితే అవి ఇంకా పైకి పాకాలి. శిఖరం దాటాక ఎక్కడికి పోతాయి?

గోంగూరకట్ట: సరే, క్లౌడ్ ఫారెస్ట్‌కి ఒప్పుకున్నా. ఫ్లవర్ డోమ్‌కి మాత్రం ససేమిరా. నాన్న బయటికొచ్చేదాకా అడిగింది ఒక్కటే, "దీని కరెంటు బిల్లు ఎవరు కడతార్రా?" అని.