కందిరీగల కేసులో అడ్రినలిన్ ముందా, ఏవిల్ ముందా?

కొత్త_ఈఎంటీ:
అన్నలూ అక్కలూ, 108లో ఈమధ్యే చేరాను, ఒక డౌట్ తీర్చండి. కందిరీగలో తేనెటీగలో కుట్టి ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోతుంటే ముందు అడ్రినలిన్ అని ట్రైనింగ్‌లో చెప్పారు, బయట చూస్తే చాలామంది ఏవిల్ (అలర్జీ ఇంజక్షన్), హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్) ఇచ్చేసి చూద్దాంలే అంటున్నారు. పైగా అదే అడ్రినలిన్ యాంపూల్ (చిన్న గాజు మందుసీసా) కార్డియాక్ అరెస్ట్‌కీ, అంటే గుండె ఆగిపోయినప్పుడు కూడా, వాడతాం కదా, టెన్షన్‌లో డోసు, రూటు కలిపేస్తానేమో అని భయం. పెద్దాయనకి గుండెజబ్బు ఉంటే అసలు ఇవ్వొచ్చా?

రాత్రి_డ్యూటీ:
తమ్ముడూ ట్రైనింగ్‌లో చెప్పిందే రైటు. ఏవిల్ దురదకీ దద్దుర్లకీ పనికొస్తుంది గానీ గొంతు వాపునీ బీపీనీ ఆపలేదు, హైడ్రోకార్టిసోన్ పని మొదలెట్టడానికే గంటలు పడుతుంది, ఆలోపు మనిషి దక్కడు. అవి తర్వాత ఇచ్చుకో, ఎవరూ వద్దనరు.

మన యాంపూల్‌లో 1 ఎంఎల్‌కి 1 మిల్లీగ్రాము ఉంటుంది. పెద్దవాళ్లకి అందులో సగం, అంటే 0.5, తొడ బయటివైపు మధ్యభాగంలో కండలోకి, 5 నిమిషాల్లో తేడా రాకపోతే ఇంకోసారి. పిల్లలకి కేజీకి 0.01 మిల్లీగ్రాము, 15 కేజీల పిల్లాడికి 0.15 ఎంఎల్ అన్నమాట. అంత తక్కువ తీయాలంటే 1 ఎంఎల్ సిరంజి కావాలి, ఇన్సులిన్ సిరంజి మాత్రం పట్టుకోకు, దాని సూది కండదాకా పోదు, గీతలు కూడా యూనిట్లలో ఉంటాయి.

పూర్తి 1 మిల్లీగ్రాము ఐవీ (నరంలోకి), 3 నుంచి 5 నిమిషాలకోసారి, అది అరెస్ట్‌కి మాత్రమే. పల్స్ ఉన్న మనిషికి అదే డోసు ఐవీలో తోశావంటే వీటీ, వీఎఫ్ (ప్రాణం తీసే గుండె లయ తేడాలు) నువ్వే తెప్పించినట్టు. పల్స్ ఉందా, తొడ. పల్స్ లేదా, ఐవీ. ఇదొక్కటే గుర్తుపెట్టుకో. గుండెజబ్బు ఉన్నా అనాఫిలాక్సిస్ (ఇలా ప్రాణం మీదికొచ్చే అలర్జీ) అయితే ఇవ్వాల్సిందే, మానిటర్ పెట్టి చూస్తూ ఉండు. పేషెంట్‌ని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచు, నడిపించి బండెక్కించొద్దు, లేచి నిలబడగానే కుప్పకూలే వాళ్లున్నారు. పడుకుంటే ఊపిరాడట్లేదంటే మాత్రం కాళ్లు చాపి కూర్చోబెట్టు.

క్యాజువాలిటీ_సిస్టర్:
పైన అన్నయ్య చెప్పినదానికి నాదో రెండు మాటలు. అడ్రినలిన్, అట్రోపిన్ రెండూ చిన్న యాంపూల్సే, బాక్స్‌లో పక్కపక్కనే పెట్టేస్తారు, దయచేసి వేరే అరల్లో పెట్టండి, పగలగొట్టే ముందు పేరు పైకి చదవండి, పైలట్ (బండి డ్రైవర్) విన్నా చాలు. ఫోన్‌లో డాక్టర్ గారు చెప్పిన డోసు తిరిగి చెప్పి ఓకే అనిపించుకోండి, "పాయింట్ ఫైవ్" సైరన్ మోతలో "ఫైవ్" అని వినపడుద్ది, "అర మిల్లీగ్రాము" అంటే ఆ గొడవే ఉండదు. ఇచ్చిన టైము, డోసు రాసి తీసుకురండి, ఖాళీ యాంపూల్ కూడా. "ఏదో ఇంజక్షన్ ఇచ్చాం మేడం" అంటే మేం ఏం చేయాలి చెప్పండి, రెండో డోసు ఎప్పుడివ్వాలో కూడా తెలీదు.

అన్నట్టు పురుగుమందు కేసులో అట్రోపిన్ లెక్క వేరే. అందులో 0.6 మిల్లీగ్రాముల యాంపూల్స్ 3 నుంచి 5 దాకా మొదట్లోనే పడతాయి, ఊపిరితిత్తుల్లో గురగుర పోయేదాకా 5 నిమిషాలకోసారి డబుల్ చేస్తూ వెళ్తారు. పల్స్ స్పీడుగా ఉందని మధ్యలో ఆపేసి తెస్తుంటారు, చూడాల్సింది ఛాతీ.

కొత్త_ఈఎంటీ:
థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. బీపీకి మెటోప్రోలాల్ వాడేవాళ్లకి అడ్రినలిన్ సరిగ్గా ఎక్కదంటారు, నిజమేనా?

రాత్రి_డ్యూటీ:
నిజమే, మెటోప్రోలాల్ లాంటి బీటా బ్లాకర్ మీద ఉన్నవాళ్లకి రెస్పాన్స్ తగ్గొచ్చు. అయినా ముందు అదే ఇవ్వు, సెలైన్ ఫాస్ట్‌గా వదులు. దాంతో కూడా లేవకపోతే గ్లూకగాన్ వాడతారు, బండిలో లేకపోతే దార్లోంచే హాస్పిటల్‌కి ఫోన్ కొట్టి రెడీగా పెట్టమను, వాడే మందుల చీటీ ఇంట్లోవాళ్లని అడిగి తీసుకెళ్లు.